జుట్టు గుట్టు డాక్టరుకు చిక్కకుండా ఉండాలంటే

బిడ్డ వెంట్రుకలు వేలెడు పొడవన్నా కాకముందే విరిగిపోతున్నాయా? మెడ వెనకాల తడిమితే గరుగ్గా మొలకలు తగులుతున్నాయా? లేక మీ జడే దువ్విన ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా నేలపాలవుతోందా? దిగులు పడకండి. చేతికందిన ఆస్తి అది. దాన్ని ఎలా కాపాడుకోవాలో తెలియక మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం జనం చాలామంది ఆసుపత్రికి పోయి జబ్బు పేరు తెలుసుకుని వచ్చేస్తున్నారు. పేరు తెలిసిందంటే పని మొదలైనట్టే. జడ బిగించి వేయకూడదంటారు. పార్లరు మానుకోమంటారు. వారాల తరబడి మాత్రలు మింగించమంటారు. అరికాళ్ళు చూస్తారు, గుండెకు ఈసీజీ తీస్తారు, మీ అమ్మమ్మ జుట్టు ఎలా ఉండేదని ఆరా తీస్తారు. పేరు తెలియనంత కాలం ఈ బాదరబందీ ఏదీ లేదు. బడి ఎగ్గొట్టడానికి, చుట్టాల పెళ్ళి తప్పించుకోవడానికి, ఆడబిడ్డ మీద నెపం వేయడానికి ఆ జుట్టు ఏళ్ళ తరబడి అక్కరకొస్తుంది.

ముందు శత్రువు ఎవరో తెలుసుకోండి. దాని పేరు ట్రైకోస్కోపీ. అరచేతిలో పట్టే భూతద్దం, దాని అంచు చుట్టూ చిన్న లైట్లు. చేతిలో పట్టుకునే రకం పదింతలు పెంచి చూపిస్తుంది, కంప్యూటరుకు తగిలించే రకం డెబ్బై ఇంతల దాకా. డాక్టరు దువ్వెన తోకతో పాపిడి తీసి, అద్దాన్ని మెల్లగా ఆనిస్తారు. అంతే. సూది లేదు, రక్తం లేదు, పీకడం లేదు. బిడ్డ అమ్మ ఒళ్ళో కూర్చుని బిస్కెట్ తింటూనే ఉంటుంది. తెర మీద మాత్రం వెంట్రుకలోని ప్రతి మెలికా, ప్రతి నొక్కూ బయటపడుతుంది. లావు, సన్నం, లావు, సన్నం అని వరసగా వస్తే మోనిలెత్రిక్స్. వెంట్రుక చపటగా ఉండి తన చుట్టూ తానే మెలితిరిగితే పిలీ టోర్టీ. వెలుగు చార, నీడ చార మార్చి మార్చి వస్తే పిలీ యాన్యులేటీ. ఐదు నిమిషాల్లో మీ గుట్టంతా రట్టు.

దీనికి ట్రైకోస్కోపీ అని 2006లో పేరు పెట్టింది పోలండుకు చెందిన వైద్యులు లిడియా రుడ్నిట్స్కా, మాల్గొజాటా ఓల్షెవ్స్కా. అంతకు ముందు రోజుల్లో మన పని సులువుగా ఉండేది. పటకారుతో యాభై అరవై వెంట్రుకలు ఒక్క ఊపున పీకి కుదుళ్ళను మైక్రోస్కోపు కింద పెట్టాలి, లేదంటే తల చర్మంలో చిన్న ముక్క కోయాలి. "పసిబిడ్డ నెత్తిన కత్తా!" అని అవ్వ ఒక్క కేక వేస్తే డాక్టరు కూడా వెనక్కు తగ్గేవారు. నొప్పి లేని పరీక్ష వచ్చాక ఆ కేకకు విలువ పోయింది. కాబట్టి బుర్ర వాడాలి.

ఇంకో మాట. మన ప్రాంతం ఈ విషయంలో అంత క్షేమం కాదు. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అటు పోతే రాయవేలూరు సీఎంసీ, ఇటు పోతే తిరుపతి రుయా. మదనపల్లె అయితే మరీను. క్షయకు ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి ఉన్న ఊరు, 1948లో దేశంలో బీసీజీ టీకా మొదట వేసి చూసిన చోట్లలో ఒకటి. పరీక్ష అంటే చొక్కా చేతులు మడిచి ముందుకు రావడం ఇక్కడివాళ్ళకు తాతల నాటి అలవాటు. ఆ అలవాటును జయించాలంటే కింది చిట్కాలు శ్రద్ధగా పాటించండి. మీ మేలు కోరే రాస్తున్నాను.

1. ఆసుపత్రికి పోయే రోజు పొద్దున్నే తలంటుకోండి.

డాక్టరు అద్దం తీయకముందే ఒక పని చేస్తారు. యాభై అరవై వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టుకుని కుదురు నుంచి చివరిదాకా మెల్లగా లాగుతారు. నూటికి పది కంటే ఎక్కువ ఊడి వస్తే రాలుడు జోరుగా ఉన్నట్టు లెక్క. అందుకే ముందు రోజు నుంచీ తలస్నానం వద్దని చెబుతారు. మీరు మాత్రం రెండు బకెట్ల వేడినీళ్ళు, కుంకుడుకాయ, తువ్వాలుతో గట్టిగా తుడవడం, పేల దువ్వెనతో దువ్వడం, అన్నీ కానివ్వండి. రాలడానికి సిద్ధంగా ఉన్నవన్నీ బాత్‌రూములోనే పోతాయి. డెంగీయో టైఫాయిడో వచ్చిపోయిన రెండు మూడు నెలలకు గుప్పెళ్ళుగా రాలే జుట్టు కూడా ఆ పూటకు బుద్ధిగా కూర్చుంటుంది.

"రాలడం లేదే అమ్మా?" అంటారు డాక్టరు.

"ఇంటికాడ రాలుతుంది సార్" అనండి. ఇంటికాడ రాలేదాన్ని ఏ డాక్టరూ పట్టుకోలేరు.

రాలినవి పొట్లం కట్టి తీసుకురమ్మంటే జాగ్రత్త. చివర తెల్లటి చిన్న గింజ ఉంటే ఆ వెంట్రుక కుదురుతో సహా ఊడింది. గింజ లేకుండా మొండిగా ఉంటే మధ్యలో విరిగింది. ఊడడం ఒక జబ్బుల దారి, విరగడం ఇంకో జబ్బుల దారి. వెంట్రుక నిర్మాణంలో ఉన్న లోపం ఎక్కువగా తెలిసేది విరిగినవాటిలోనే. అందుకని పొట్లంలో ఇంటిల్లిపాదివీ కలిపేయండి. పనిమనిషి ఊడ్చిన మూలలోవి అయితే ఇంకా మేలు.

2. తలంటుకోవడం బద్ధకమైతే అసలు తలంటుకోకండి.

వారం పది రోజులు తల కడగకుండా, బయల్దేరే ముందు ఆముదం కారేలా పట్టించండి. పొడిగా ఉన్న తల మీద అద్దం పెడితే పొట్టు, వెంట్రుక చుట్టూ పట్టిన తెల్లటి తొడుగులు బాగా తెలుస్తాయి. నూనె పడితే పొట్టు కనబడకుండా పోతుంది. దానికి తోడు మట్టిలో ఆడిన పిల్లల తలలో దుమ్ము రేణువులు అద్దం కింద నల్ల చుక్కలై కనబడతాయి. తామర పట్టిన తలలోనూ, పేనుకొరుకుడులోనూ కనబడేవి నల్ల చుక్కలే. ఒక్కసారి షాంపూ పెడితే దుమ్ము చుక్కలు పోయి అసలు చుక్కలు మిగులుతాయి కాబట్టి షాంపూ జోలికి పోకండి. పెద్దవాళ్ళయితే ముందు రోజు రాత్రి నల్ల రంగు వేసుకోండి. కుదురు కుదురుకూ రంగు నిలిచి, ఏది చుక్కో ఏది రంగో డాక్టరు తేల్చుకోవాల్సి వస్తుంది.

ఒకటో చిట్కా, రెండో చిట్కా ఒకే రోజు కుదరవు. ఈసారి ఒకటి, పై నెల ఇంకొకటి.

3. అపాయింట్‌మెంట్ దొరకగానే మొక్కు గుర్తు తెచ్చుకోండి.

అన్నిటికంటే మేలైన చిట్కా ఇదే. తిరుమల కల్యాణకట్ట దూరమనిపిస్తే పుంగనూరుకు దగ్గర్లోనే బోయకొండ గంగమ్మ ఉంది. తల నున్నగా ఉంటే అద్దానికి చూడడానికి వెంట్రుకే దొరకదు. "మొక్కు సార్, ఏం చేస్తాం?" అన్న తర్వాత ఏ డాక్టరు మారు మాట్లాడతారు?

లెక్క చూసుకోండి. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. లావు సన్నాల వరస తెలియాలంటే వెంట్రుక కాస్త పొడవన్నా ఉండాలి. ఒక గుండుకు మూడు నెలల సెలవు అనుకోండి. ఏడాదికి నాలుగు మొక్కులు పెట్టుకుంటే చాలు. దేవుళ్ళకు మన చిత్తూరు వైపు కొదవ లేదు.

గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని ఊరంతా చెబుతుంది. మీరూ చెప్పండి. కత్తి తిరిగేది చర్మం పైన. వెంట్రుకను తయారుచేసే కుదురు చర్మం లోపల. పాతది ఎలా వచ్చిందో కొత్తదీ అలాగే వస్తుంది, అలాగే విరుగుతుంది, మళ్ళీ మొక్కుకోవడానికి కారణం సిద్ధంగా ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఇందులో ఇంకో సులువు ఉంది. మోనిలెత్రిక్స్ ఉన్న బిడ్డకు పుట్టినప్పుడు జుట్టు మామూలుగానే ఉంటుంది. అది పోయి తొలి నెలల్లో వచ్చే కొత్త జుట్టు లావు సన్నాలుగా వచ్చి, సన్నమైన చోటల్లా తెగిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం పుట్టువెంట్రుకలు తీయిస్తాం. "గుండు కొట్టించినప్పటి నుంచే ఇట్లయింది" అని అవ్వ తప్పకుండా అంటుంది. ఆ మాటను జారిపోనివ్వకండి. మంగలి చెయ్యి మంచిది కాదనండి. ముహూర్తం కుదరలేదనండి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నప్పుడు బిడ్డ ఏడ్చిందనండి. బిడ్డ పదో తరగతి దాటే వరకూ ఈ కారణం చెల్లుతుంది. దీని ముందు కేఆర్‌టీ 86 అనే కెరటిన్ జన్యువులో మార్పు ఏ మూలకు?

మొలిచే లోపు మెడ వెనక భాగం మాత్రం ఎవరికీ చూపించకండి. జబ్బు ఎక్కువగా తెలిసేది అక్కడే, చర్మం మీది చిన్న చిన్న గరుకు పొక్కులతో సహా. కాలరున్న చొక్కా తొడగండి, మే నెల అయినా సరే.

4. తెల్ల చుక్క కనబడగానే పేలు అని తేల్చేయండి.

సాయంత్రం మెట్ల మీద కూర్చుని బిడ్డను మోకాళ్ళ మధ్య పెట్టుకుని తల చూస్తుంటే వెంట్రుక మీద తెల్లటి చుక్క కనబడుతుంది. అది ఈపి కావచ్చు. చర్మపు పొర వెంట్రుక చుట్టూ తొడుగుగా పట్టినది కావచ్చు. తడి జుట్టు ముడి వేసి కప్పి ఉంచితే పట్టే తెల్ల పియెడ్రా అనే బూజు కావచ్చు. లేదా వెంట్రుక ఆ చోట పోగులు పోగులుగా విచ్చుకుపోయిన ట్రైకోరెక్సిస్ నోడోసా కావచ్చు. వెంట్రుక లోపాలన్నిటిలోకీ ఎక్కువగా కనబడేది ఈ చివరిదే. గట్టిగా దువ్వడం, రుద్దడం, కాల్చడం దాని ముఖ్య కారణాలు.

తేడా తెలుసుకోవడానికి అద్దం కూడా అక్కర్లేదు. ఆ చుక్కను రెండు గోళ్ళ మధ్య పట్టి లాగితే ఈపి కదలదు, ఒక పక్కన జిగురుతో అంటుకుని ఉంటుంది. తొడుగైతే వెంట్రుక వెంబడి పైకీ కిందికీ జారుతుంది. నోడోసా అయితే చుక్క ఉన్న చోటే పుటుక్కుమంటుంది. పైసా ఖర్చు లేదు, రెండు క్షణాల పని. అందుకే ఆ పని చేయకండి.

దానికి బదులు మెడికల్ షాపులో పేల మందు తెచ్చి వారం వారం పోయండి. పేల దువ్వెన నెత్తికి ఆనించి గట్టిగా కిందికి లాగండి. నోడోసా ఉన్న జుట్టుకు ఇది భలే పని చేస్తుంది. చుక్క చుక్కకూ వెంట్రుక తెగి దువ్వెనలోకి వచ్చేస్తుంది, "చూడండి ఎన్ని పోయాయో" అని ఇంట్లో చూపించుకోవచ్చు. పోయాక పొట్టిగా మిగిలిన జుట్టుకు కారణాన్ని పక్క బెంచీలో కూర్చునే పిల్ల మీద తోసేయండి. వాళ్ళమ్మతో వీధిలో నిలబడి మాట్లాడండి. ఆ గొడవ సద్దుమణిగే దాకా పరీక్ష ఊసు ఎవరూ ఎత్తరు.

5. డాక్టరు కంటే ముందు ట్యూబును నమ్మండి.

పిల్లల తలలో రూపాయి బిళ్ళంత మేర జుట్టు పోయి, పొట్టు లేచి, దురద పెడుతుంటే అది చాలాసార్లు తామరే. అద్దం కింద దాన్ని పట్టేయడం ఏమంత కష్టం కాదు. కామా గుర్తులా వంగిన పొట్టి వెంట్రుకలు, మెలికలు తిరిగినవి, నల్ల చుక్కలు కనబడతాయి. బూజు వెంట్రుక లోపలికే దూరి ఉంటుంది కాబట్టి పై పూత దాన్ని చేరలేదు. గ్రైసియోఫల్విన్ లాంటి మాత్ర ఆరు నుంచి ఎనిమిది వారాలు మింగాలి, అంతే, తగ్గిపోతుంది. తగ్గిపోతే మీకేం మిగులుతుంది?

కాబట్టి షాపులో కౌంటరు మీదకు వంగి "తామరకు ఒక ట్యూబు ఇవ్వన్నా" అనండి. స్టెరాయిడ్ కలిసినదైతే శ్రేష్ఠం. చీటీ లేకుండా ఇవి అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో కట్టడి పెట్టింది, అయినా మొహమాటానికి ఇచ్చేవాళ్ళు దొరకకపోరు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, దురద తగ్గుతుంది, బూజు మాత్రం నిశ్చింతగా పాకుతుంది. పైకి తామర రూపమే మారిపోయి, తర్వాత చూసిన డాక్టరు కూడా ఒక్క క్షణం తడబడతారు. అదే దువ్వెన, అదే దిండు తమ్ముడికీ వాడండి. ఇద్దరికీ వస్తే ఒకే ట్యూబు సరిపోతుంది, ఖర్చు కలిసొస్తుంది.

కొన్ని తలల్లో అది చీము పట్టి మెత్తటి గడ్డలా ఉబ్బుతుంది. అప్పుడు కూడా కంగారు పడి పరుగెత్తకండి. ఓపిక పడితే గడ్డ మానుతూ మచ్చ పడుతుంది. మచ్చ పడిన చోట కుదురే ఉండదు, ఇక జన్మలో అక్కడ వెంట్రుక మొలవదు, పరీక్ష చేయడానికీ ఏమీ మిగలదు. ఇంత శాశ్వతమైన ఫలితం మరే చిట్కాతోనూ రాదు.

6. పరీక్ష చేయించాల్సిందేనని ఎవరైనా పట్టుబడితే వుడ్స్ ల్యాంపు ఒక్కదానికే ఒప్పుకోండి.

అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1903లో కనిపెట్టిన ఫిల్టరుతో వచ్చిన దీపం అది. 1925 నుంచి తలకు పట్టే బూజును వెతకడానికి వాడుతున్నారు. చీకటి గదిలో ఊదా వెలుగు వేస్తే కొన్ని రకాల బూజు పచ్చగా మెరుస్తుంది. మన దేశంలో పిల్లల తలకు ఎక్కువగా పట్టే ట్రైకోఫైటాన్ రకాలు చాలావరకు మెరవవు. "మెరవలేదు, ఏమీ లేదంట" అని చెప్పుకుంటూ ఇంటికొచ్చేయండి.

7. పేనుకొరుకుడుకు తెల్లగడ్డ రుద్దండి.

నున్నగా, గుండ్రంగా ఊడిన చోట అంచుల్లో పొట్టి వెంట్రుకలు పైన లావుగా, కుదురు దగ్గర సన్నగా ఉంటాయి. అద్దం పెడితే అవే సాక్ష్యం. పేనుకు ఇందులో ఏ పాత్రా లేదు, మన ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ళ మీద తిరగబడడం వల్ల వస్తుంది. అయినా ఎర్రగడ్డ, తెల్లగడ్డ దంచి చర్మం మండి బొబ్బలెక్కే దాకా రుద్దండి. బొబ్బ వచ్చాక డాక్టరు బొబ్బకే వైద్యం చేస్తారు.

8. తల దాటి కిందికి చూడనివ్వకండి.

ఇది చాలామంది మరిచిపోయే సంగతి. మంచి డాక్టరు జుట్టుతో ఆగరు.

కొందరు పిల్లలకు పుట్టినప్పటి నుంచి ఒళ్ళంతా ఎర్రబారి పొట్టు రాలుతుంటుంది, కొన్ని తిండ్లు పడవు. వాళ్ళ వెంట్రుకలో కణుపులు కనబడితే నెదర్టన్ సిండ్రోమ్ అంటారు. తలలో కణుపు దొరకకపోయినా కనుబొమల్లో దొరకవచ్చు. అందుకని పరీక్షకు ముందు కనుబొమలు గొరిగించేయండి. పసిబిడ్డకు కనుబొమలెందుకని అడిగితే, ఒత్తుగా రావడానికని చెప్పండి.

ఉన్ని రింగులు తిరిగిన జుట్టు పుట్టుకతోనే ఉండి, నడక వచ్చాక అరచేతులు, అరికాళ్ళు మందంగా తయారైతే డాక్టరు మొహం మారిపోతుంది. గ్రీసులోని నక్సోస్ దీవి కుటుంబాల్లో ఇలాంటివాళ్ళకు గుండె కండరం దెబ్బతింటుందని 1986లో అక్కడి వైద్యులు రాశారు. అప్పటి నుంచి ఈ జుట్టు, ఈ కాళ్ళు కలిసి కనబడితే ఈసీజీ, ఎకో తీయాల్సిందే అంటారు. సాక్సు వేసి తీసుకెళ్ళండి. విప్పమంటే బిడ్డకు చలి అనండి. కుదిరితే కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకోవడం నేర్పించండి. రేపు బడిలో పరుగు పందెంలో కళ్ళు తిరిగి పడితే ఎండదెబ్బ అని చెప్పడానికి మన ఊళ్ళ ఎండ ఉండనే ఉంది.

9. వంశం సంగతి ఎత్తితే మాట మార్చండి.

మోనిలెత్రిక్స్ ఎక్కువగా తల్లికో తండ్రికో ఉంటేనే వస్తుంది. వాళ్ళలో ఒకరికి ఉంటే ప్రతి కాన్పుకూ సగానికి సగం అవకాశం. ఇంకో రకం ఉంది, తల్లిదండ్రులిద్దరూ పైకి బాగానే ఉండి, ఇద్దరి నుంచీ లోపం బిడ్డకు చేరితే వచ్చేది. మేనరికాలు చేసుకున్న ఇళ్ళలో దీనికి వీలెక్కువ. ఇవన్నీ డాక్టరు ఒక కాగితం మీద గుండ్రాలు, చతురస్రాలు గీసి తేలుస్తారు.

ఆ గీతలు పూర్తి కాకూడదు. "మా వైపు ఎవరికీ లేదు" అని మీరు అనండి, "మా వైపు అసలే లేదు" అని మీ ఆయన అనాలి. ముందే మాట్లాడుకుని రండి. ఆల్బములో తాత ప్రతి ఫోటోలోనూ నెత్తిన తుండుగుడ్డ చుట్టుకునే ఉంటాడు. దాన్ని రైతు మర్యాద అనండి, ఆల్బమును అటక మీద పెట్టండి. అసలు ప్రమాదం ఇంకొకటి. బిడ్డను చూసిన అద్దంతోనే "అమ్మా, మీ మెడ వెనక కూడా ఒకసారి చూడనివ్వండి" అంటారు. అందుకే వెళ్ళే ముందు జడలో కనకాంబరాలు మూరలకు మూరలు తురుముకుని వెళ్ళండి. పూలు తీయమని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

10. ఒక్క వెంట్రుక కత్తిరించి ఇవ్వమంటే సవరంలోంచి ఇవ్వండి.

అద్దానికి అందనివి కొన్ని ఉన్నాయి, అది మన అదృష్టం. గంధకం తక్కువైన జుట్టు జబ్బు ట్రైకోథయోడిస్ట్రఫీ అలాంటిది. పోలరైజింగ్ ఫిల్టర్లున్న మైక్రోస్కోపు కింద పెడితేనే చీకటి వెలుగు పట్టెలు తేలతాయి. దానికి ఒక్క వెంట్రుక చాలు, కత్తెరతో పైన కత్తిరిస్తే నొప్పి కూడా ఉండదు.

తడి జుట్టు మీద ఇస్త్రీ పెట్టినప్పుడు వచ్చే బుడగ వెంట్రుకలు బాగా బయటపడేది కూడా అలా కత్తిరించినదాంట్లోనే. వెంట్రుకలో ఉన్న నీరు ఆవిరై, లోపల గుల్లలు చేసి వదిలేస్తుంది. 125 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా చాలు. పెళ్ళి సీజనులో పార్లరులో కూర్చున్న పెళ్ళికూతురికి జుట్టు ఆరే తీరిక ఎక్కడుంటుంది? ఆరనివ్వకండి. మెషిను మీద చుక్క పడితే చుయ్యిమనేంత వేడి చేయించండి. వారానికి జడ చివరలు గడ్డిపోచల్లా విరుగుతుంటే, "నేనేమీ వాడను డాక్టరుగారూ, కొబ్బరినూనె ఒక్కటే" అనండి. వెంట్రుక అడిగితే జడలోకి చెయ్యి పోనిచ్చి సవరంలోంచి నాలుగు పోగులు తుంచి ఇచ్చేయండి. ఆ సవరం ఎవరి తలదో, ఏ జబ్బూ లేని తలదో ఎవరికి ఎరుక? రిపోర్టు బాగా వస్తుంది.

11. ఏం అడిగినా బోరునీళ్ళు అనండి.

ఉప్పునీళ్ళు, బోరునీళ్ళు అంటే మన మూడు ఊళ్ళలోనూ తల ఊపని మనిషి లేడు. అదే నీళ్ళు పోసుకునే పక్కింటావిడ జడ మోకాళ్ళ దాకా ఎందుకుందని మాత్రం అడగనివ్వకండి.

12. కుప్పంవాళ్ళు మూడు రాష్ట్రాలనూ వాడుకోండి.

మదనపల్లె, పుంగనూరువాళ్ళకు లేని సౌకర్యం ఇది. తమిళనాడు, కర్ణాటక రెండూ గడప దగ్గరే. కుప్పంలో చూపిస్తే "రిపోర్టులు వేలూరులో ఉన్నాయి సార్" అనండి. వేలూరులో అడిగితే బెంగళూరులో ఉన్నాయనండి. బెంగళూరులో అడిగితే జోలార్‌పేట రైలుకు టైమైందని లేవండి. ప్రతిచోటా మొదటిసారి వచ్చినట్టే కూర్చోండి, ప్రతిచోటా మందులు పది రోజులే వాడండి. ఏ ఒక్క డాక్టరు చేతిలోనూ రెండోసారి ఫోటో పడకూడదు, అదే అసలు కిటుకు.

13. ఇంత చేసినా పేరు బయటపడిపోతే చివరి చిట్కా.

డాక్టరు మోనిలెత్రిక్స్ అని రాసి, నిదానంగా చెప్పుకొస్తారు. దీనికి ప్రత్యేకంగా మందు లేదు. జుట్టును సున్నితంగా చూసుకుంటే విరగడం తగ్గుతుంది. వెడల్పు పళ్ళ దువ్వెన వాడండి, బిగించి కట్టకండి, వేడి తగలనివ్వకండి. వయసు వచ్చేకొద్దీ చాలామందికి మెరుగవుతుంది. ఇందులో మీరు వినాల్సింది "మందు లేదు" అన్న ముక్క ఒక్కటే. అక్కడే లేచి నిలబడి చీర కొంగు సర్దుకోండి. బస్సులో కనబడిన వాళ్ళందరికీ ఆ ముక్కే చెప్పండి. ఇంటికొచ్చి బిడ్డకు ఎప్పటిలాగే రెండు జడలు, రిబ్బను, నుదురు లాగుకుపోయేలా బిగించి కట్టండి.

మూడు నెలలకు మళ్ళీ రమ్మంటారు. మొదటిసారి తీసిన ఫోటో వాళ్ళ దగ్గర ఉంటుంది. అదే చోట మళ్ళీ అద్దం పెట్టి, విరిగినవి తగ్గాయా, పొడవు పెరిగిందా అని పక్కపక్కన పెట్టి చూస్తారు. చోటు గుర్తుపట్టడానికి వాళ్ళకున్న ఆధారం పాపిడి, ముక్కు నుంచి కొలిచిన దూరం. కాబట్టి ఎడమ పాపిడిని కుడికి మార్చి తీసుకెళ్ళండి. తల నిలపమంటే బిడ్డను గిల్లండి, ఏడుస్తూ అటూ ఇటూ ఊపుతుంది. పోలిక కుదరక వాళ్ళు కొత్త ఫోటో తీసుకుని, పాతదాన్ని పక్కన పెట్టి, ఇంకో మూడు నెలలకు రమ్మని చీటీ మీద రాస్తారు.